ఫిగర్ స్కేటింగ్ చూడాలంటే ఏ ఊళ్లో టికెట్ కొనాలి: ఊరి సైజు, హాలు సైజు, ఖాళీ కుర్చీలు

1,58,170. 2010 జనవరిలో స్పోకేన్‌లో జరిగిన అమెరికా జాతీయ ఫిగర్ స్కేటింగ్ పోటీల హాజరు ఇది. ఆ ఏడాది జనాభా లెక్కల్లో స్పోకేన్ నగరంలో ఉన్నది 2,08,916 మంది. అంటే హాజరు అంకె ఊరి జనాభాలో ముప్పాతిక వంతు. అంతకు మూడేళ్ల ముందు, 2007లో, ఇదే ఊరు 1,54,893తో రికార్డు కొట్టింది. మళ్లీ తన రికార్డు తనే చెరిపేసుకుంది. అంతకు ముందు ఇవే పోటీలు ఫిలడెల్ఫియాలో జరిగాయి, బోస్టన్‌లో జరిగాయి, లాస్ ఏంజెలెస్‌లో జరిగాయి. అక్కడ లక్షల్లో జనం, పెద్ద పెద్ద హాళ్లు, నాలుగు దిక్కుల నుంచీ విమానాలు. అయినా రికార్డు మాత్రం సియాటిల్‌కు 450 కిలోమీటర్ల దూరంలో విసిరేసినట్టు ఉన్న ఊరికి దక్కింది.

ఈ అంకె చూసి "చిన్న ఊరైతే హాలు నిండుతుంది" అని తీర్మానించేయడం తొందరపాటు. ముందు అంకెను చదవడం తెలియాలి. స్కేటింగ్‌లో హాజరు అంటే మనుషుల లెక్క కాదు, సెషన్ల లెక్క, అంటే పూటపూటా విడిగా జరిగే పోటీల లెక్క. ఆల్ ఈవెంట్ టికెట్, అంటే అన్ని సెషన్లకూ చెల్లే టికెట్, కొన్న ఒక్క మనిషి పది సెషన్లకు వస్తే పది మంది కిందే జమ. పైగా 2010 పోటీలు జనవరి 14 నుంచి 24 దాకా, రెండు వారాంతాల మీదుగా సాగాయి. జూనియర్ విభాగాలూ అందులోనే. సెషన్లు పెరిగితే మొత్తం పెరుగుతుంది. కాబట్టి నాలుగు రోజుల్లో ముగిసే ప్రపంచ పోటీల అంకెను దీని పక్కన పెట్టి పోల్చకూడదు. పోల్చాల్సింది సెషన్‌కు సగటు, అది కూడా హాలు సీట్లలో ఎంత శాతం అన్నది. ఈ లెక్క వేసినా స్పోకేన్‌కు పేరు తగ్గదు. పదీ పన్నెండు వేల మంది పట్టే హాలు దానిది, అందులో మంగళవారం పొద్దున కూడా మనుషులు కనిపించారంటే మాటలు కాదు.

ఇక్కడ సమీక్షిస్తున్నది టికెట్‌ను. డబ్బు పెట్టి, సెలవు పెట్టి, విమానం ఎక్కి వెళ్లే ప్రేక్షకుడికి ఏ తరహా ఊళ్లో ఏం దొరుకుతుందో చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక: రెండు నుంచి నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరు, ఎనిమిది నుంచి పన్నెండు వేల సీట్ల హాలు, ఆ వారం ఊళ్లో చెప్పుకోదగ్గ ఇంకో కార్యక్రమం లేకపోవడం. ఈ మూడూ కలిసిన చోట టికెట్‌కు పూర్తి న్యాయం జరుగుతుంది. మహానగరం దీనికి సాటి రావాలంటే సొంత ఊరి స్కేటర్ అయినా ఉండాలి, తరాల నాటి స్కేటింగ్ అలవాటైనా ఉండాలి. మరీ చిన్న ఊళ్ల సంగతి వేరు, దానికి తర్వాత వద్దాం.

మధ్యస్థ ఊళ్లు ఎందుకు నిండుతాయో చూడాలంటే శనివారం రాత్రి కాదు, బుధవారం మధ్యాహ్నం హాల్లోకి వెళ్లాలి. ప్రపంచ పోటీల్లో మొదటి రోజు సాధారణంగా సింగిల్స్‌లో (ఒక్కరే ఆడే విభాగంలో) ఒక షార్ట్ ప్రోగ్రామ్, అంటే రెండు భాగాల పోటీలో చిన్నదైన మొదటి భాగం, పెడతారు. 35 మంది స్కేటర్లు ఉన్నారనుకోండి. ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లే. కానీ మంచు మీదికి రావడం, వందనం, తర్వాత కిస్ అండ్ క్రై అనే రింక్ పక్క బెంచీ మీద మార్కుల కోసం ఎదురుచూపు, అన్నీ కలిపి మనిషికి ఆరు నిమిషాలు పోతాయి. 35 మందికి 210 నిమిషాలు. ఆరుగురికి ఒక గ్రూపు చొప్పున ఆరు గ్రూపులు, గ్రూపుకు ఆరు నిమిషాల వార్మప్, అది 36. మధ్యలో రెండు సార్లు జాంబోనీ బండి వచ్చి మంచును నున్నగా చేస్తుంది, ఒక్కోసారి పదిహేను నిమిషాలు, అది 30. వెరసి 276 నిమిషాలు, నాలుగున్నర గంటల పైమాట. పనిదినాన, మిట్టమధ్యాహ్నం, అందులోనూ మొదటి మూడు గ్రూపుల్లో పేరున్న వాళ్లు ఎవరూ లేనప్పుడు, మహానగరంలో ఆఫీసు మానేసి వచ్చేవాడెవడు? అక్కడ హాలు నాలుగో గ్రూపు వేళకు గానీ కదలదు.

మధ్యస్థ ఊళ్లో అదే సెషన్‌కు బడి పిల్లల బస్సులు వస్తాయి. పదవీ విరమణ చేసిన వాళ్లు దిండు చంకన పెట్టుకుని వస్తారు. హాలు పది నిమిషాల దూరమే కాబట్టి ఒక గంట చూసి పోయి, సాయంత్రం మళ్లీ వచ్చేవాళ్లూ ఉంటారు. స్థానిక పత్రికకు ఆ వారం మొదటి పేజీ వార్త ఇదే. దుకాణాల అద్దాల మీద బ్యానర్లు, హోటల్ లాబీలో స్కేట్ల బ్యాగులు లాక్కుంటూ వెళ్లే పోటీదారులు. పోటీ జరుగుతోందని ఊళ్లో తెలియని వాళ్లుండరు. మహానగరంలో హాలుకు రెండు వీధుల అవతల కాఫీ అమ్మేవాడికి కూడా తెలియదు.

ఇంకో చిన్న విషయం ఉంది, టికెట్ల అమ్మకంలో దాని పాత్ర పెద్దది. ప్రోగ్రామ్ అయ్యాక మంచు మీద పడ్డ పూలగుత్తులు, బొమ్మలు ఏరడానికి ఒకేలాంటి డ్రస్సుల్లో చిన్న పిల్లలు జారుకుంటూ వస్తారు చూడండి. వాళ్లు ఆతిథ్య ఊరి స్కేటింగ్ క్లబ్బుల పిల్లలు. ప్రతి సెషన్‌కూ ఒక జట్టు కావాలి, వారమంతా కలిపితే పదుల సంఖ్యలో పిల్లలు. ఒక్కో పిల్ల వెనక అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు. వాళ్ల పిల్ల 40 సెకన్లు మంచు మీద కనబడుతుందంటే మొత్తం సెషన్ టికెట్ కొంటారు. వాలంటీర్లదీ ఇదే కథ. డ్యూటీ లేని పూట ఇంటిల్లిపాదినీ తీసుకొస్తారు. మధ్యస్థ ఊళ్లో ఈ బంధుత్వాల వల హాలు సైజుకు సరిపోతుంది. మహానగరపు హాల్లో అదే వల సముద్రంలో కాకిరెట్ట.

లండన్ దీనికి మంచి ఉదాహరణ. ఇంగ్లండ్ లండన్ కాదు, కెనడాలోని ఒంటారియో లండన్. 2013 ప్రపంచ పోటీలు అక్కడ జరిగాయి. 2011 లెక్కల ప్రకారం జనాభా 3,66,151. హాలు సుమారు తొమ్మిది వేల సీట్లది. పైగా జంటగా మంచు మీద నాట్యం చేసే ఐస్ డాన్స్‌లో అప్పటి ఒలింపిక్ విజేతలు టెస్సా వర్చూ, స్కాట్ మోయర్ ఆ ప్రాంతం వాళ్లే. వాళ్లకు ఆ వారం దక్కింది రజతం, అయితేనేం. టొరంటో రెండు గంటల దూరంలో ఉండటంతో పెద్ద నగరపు ప్రేక్షకులూ రాగలిగారు. సరైన హాలు, సొంతవాళ్లు, పక్కన పెద్ద ఊరు. ఇంతకంటే మంచి కలయిక అరుదు. 2024 యూరోపియన్ పోటీలు జరిగిన లిథువేనియాలోని కౌనస్ కూడా ఈ కోవలోదే. రాజధాని కాదు, జనాభా మూడు లక్షల ప్రాంతం. బాస్కెట్‌బాల్ పిచ్చితో నిండి ఉండే జల్గిరిస్ హాల్లో ఆ దేశపు ఐస్ డాన్స్ జంట ఆలిసన్ రీడ్, సౌలియస్ అంబ్రులెవిచియుస్ కాంస్యం గెలిచింది.

అన్ని మధ్యస్థ ఊళ్లూ ఇలా ఉండవు. గ్రీన్స్‌బరో 2011, 2015, 2020లో అమెరికా జాతీయ పోటీలు పెట్టింది. ఊరు స్పోకేన్ కంటే కాస్తే పెద్దది, 2010 లెక్కల్లో 2,69,666 మంది. కానీ హాలు ఇరవై వేలు దాటిన సీట్లది. పది వేల మంది వచ్చారంటే స్కేటింగ్‌కు అది గొప్ప హాజరు. స్పోకేన్‌లో అయితే హాలు కిటకిట. ఇంత పెద్ద హాల్లో మాత్రం సగం కుర్చీలు వెక్కిరిస్తుంటాయి. చప్పట్ల మోత కూడా పలచబడుతుంది. ఫిగర్ స్కేటింగ్‌లో చప్పట్లు అలంకారం కాదు. చివరి నిమిషంలో, కాళ్లు బరువెక్కిన వేళ, స్టెప్ సీక్వెన్స్‌కు (వరుస అడుగుల విన్యాసానికి) జనం తాళం వేస్తే వేగం నిలబడుతుంది. ఆ తాళం ఖాళీ కుర్చీల మధ్య చెదిరిపోతుంది. అందుకే ఊరి సైజు ఎంత అని అడిగే ముందు హాలు సైజు ఎంత అని అడగాలి. పెద్ద హాలు తీసుకున్న నిర్వాహకులు తెలివైనవాళ్లయితే పై అంతస్తును నల్లటి తెరతో కప్పేసి, కింది అంతస్తు మాత్రమే అమ్ముతారు. ఆ తెర ఉంటే మంచిదే. టికెట్ మ్యాపులో పై అంతస్తు అసలు కనిపించకపోతే భయపడకండి, సంతోషించండి.

మధ్యస్థ ఊరికి మైనస్‌లూ ఉన్నాయి. నేరుగా విమానాలు తక్కువ, ఒకటి రెండు చోట్ల మారాలి. జనవరిలో మంచు తుఫాను వస్తే ఇరుక్కుంటారు. హాలు పక్కన ఉన్న నాలుగైదు హోటళ్లను పోటీదారులకు, జడ్జీలకు, అధికారులకు ముందే కేటాయిస్తారు, మిగిలింది ఊరి చివర హైవే పక్కన. రెండో రింక్ సమస్య కూడా ఉంది. ప్రాక్టీసుకు ఇంకో రింక్ తప్పనిసరి. చిన్న ఊళ్లో అది హాలుకు దూరంగా ఉంటుంది, ప్రేక్షకులకు అక్కడ పది వరుసల బెంచీలే దిక్కు. ప్రాక్టీస్ చూడాలన్న ఆశతో ఆల్ ఈవెంట్ టికెట్ కొనేవాళ్లు ఒక సంగతి ముందే కనుక్కోవాలి: టికెట్ రెండో రింక్‌కూ చెల్లుతుందా, లేక ప్రధాన హాలు ప్రాక్టీసులకే చెల్లుతుందా? వెబ్‌సైట్లలో ఈ ఒక్క వాక్యం ఎక్కడో అడుగున ఉంటుంది.

ఇక మహానగరాలు. లాస్ ఏంజెలెస్ 2009, బోస్టన్ 2016, 2025, మాంట్రియల్ 2024, సైతామా 2014, 2019, 2023. అన్నీ ప్రపంచ పోటీలే, అన్నీ పెద్ద హాళ్లే. ఇవన్నీ ఒక గాటన కట్టకూడదు.

సైతామాను ముందు పక్కకు తీసేద్దాం, ఎందుకంటే జపాన్‌లో ఊరి సైజు లెక్కే పనిచేయదు. ఒలింపిక్ విజేత యుజురు హన్యు తరంతో ఆ దేశంలో స్కేటింగ్ టికెట్ లాటరీ పద్ధతికి చేరింది. దరఖాస్తు పెట్టుకోవాలి, పేరు వస్తే డబ్బు కట్టాలి, రాకపోతే తర్వాతి విడత. సైతామా సూపర్ అరీనా సైతామా షింతోషిన్ రైల్వే స్టేషన్ పక్కనే, టోక్యో జనమంతా రైల్లో వచ్చేస్తారు. 2023లో ఆ హాల్లో జపాన్ నాలుగు స్వర్ణాల్లో మూడు ఎగరేసుకుపోయింది: కవోరి సకమోతో, షోమా ఉనో, మియురా, కిహారా జంట. అదే దేశంలో నాగనో సైజు ఊళ్లో పెట్టినా టికెట్ దొరకదు. 2015 నవంబరులో నాగనోలో జరిగిన ఎన్‌హెచ్‌కే ట్రోఫీ అనే అంతర్జాతీయ పోటీలోనే హన్యు 322.40 మార్కులతో తొలిసారి 300 దాటాడు. అక్కడ కొరత సీట్లదే, జనానిది కాదు. బయటి దేశం నుంచి వెళ్లేవాళ్లకు నా సలహా: జపాన్‌లో ఏ ఊరు అని ఎంచుకోకండి, ఏ టికెట్ వస్తే ఆ ఊరు వెళ్లండి.

బోస్టన్‌ది పాత అలవాటు. అక్కడి స్కేటింగ్ క్లబ్బు 1912 నాటిది. తరతరాలుగా స్కేటింగ్ నేర్చుకున్న కుటుంబాలు చుట్టుపక్కల పట్టణాల నిండా ఉన్నాయి. అందుకే నగరం పెద్దదైనా మధ్యస్థ ఊరి లక్షణం కొంత కనిపిస్తుంది. మాంట్రియల్ బలం వేరు: ప్రపంచంలోని ఐస్ డాన్స్ జంటల్లో సగం మంది శిక్షణ పొందేది అక్కడే అన్నంత పేరుంది ఆ ఊరికి. 2024లో పెయిర్స్ (ఎత్తడాలు, విసరడాలు ఉండే జంటల విభాగం) స్వర్ణం డియానా స్టెలాటో డ్యుడెక్, మాక్సిమ్ డెషాంప్ జంటకు, సొంత జనం ముందే దక్కింది. అదే పోటీల్లో అమెరికా స్కేటర్ ఇలియా మాలినిన్ ఫ్రీ స్కేట్‌లో (పొడవైన రెండో భాగంలో) 227.79 మార్కులు సాధించాడు. ఇలాంటి రాత్రి ఇరవై వేల మంది హాల్లో ఉండటం వేరే అనుభవం, దాన్ని ఏ మధ్యస్థ ఊరూ ఇవ్వలేదు. ఒప్పుకోవాల్సిందే.

లాస్ ఏంజెలెస్ ఇంకో పాఠం. ఆ నగరంలో కొరియన్ల జనాభా అమెరికాలోకెల్లా పెద్దది. 2009లో కిమ్ యునా 207.71తో, మహిళల్లో తొలిసారి 200 దాటిన స్కేటర్‌గా, అక్కడే ప్రపంచ విజేత అయింది. ఆమె దిగే సెషన్ సొంత దేశంలో పోటీ లాంటిదే. పెద్ద నగరం సహాయపడేది ఇక్కడ: ఏ దేశపు స్కేటర్‌కైనా ఆ దేశం నుంచి వచ్చి స్థిరపడ్డ జనం దొరుకుతారు. కానీ ఆ జనం వచ్చేది ఆమె కోసం, పెయిర్స్ షార్ట్ ప్రోగ్రామ్ కోసం కాదు. మహానగరపు హాజరు గీత గీస్తే కొండలూ లోయలూ కనిపిస్తాయి, మధ్యస్థ ఊరి గీత పీఠభూమిలా ఉంటుంది. టికెట్ కొనేవాడికి దీని అర్థం సూటిగా ఉంది. మహానగరంలో ఆల్ ఈవెంట్ దండగ. రెండు మంచి సెషన్లు విడిగా కొనుక్కోవాలి, లోయలో ఉన్న సెషన్లకు చివరి వారంలో ధర తగ్గాక చూసుకోవచ్చు. మధ్యస్థ ఊళ్లో విడి టికెట్ల కోసం ఆగితే మిగిలేది మూలన పడ్డ సీట్లే.

పెద్ద నగరపు హాళ్లకు సొంత హాకీ, బాస్కెట్‌బాల్ జట్లు ఉంటాయి. స్కేటింగ్‌కు వారం పైగా హాలు కావాలి. అంటే ఆ జట్లను బయటి ఊళ్ల ఆటలకు పంపేలా ఏడాది ముందే తేదీలు కుదరాలి. కుదిరినా, హాకీ మంచును స్కేటింగ్ మంచుగా మార్చాలి. హాకీకి మంచు గట్టిగా, సుమారు మైనస్ 5 డిగ్రీల్లో ఉంచుతారు. ఫిగర్ స్కేటింగ్‌కు కాస్త మెత్తగా, మైనస్ 3, 4 ప్రాంతంలో, కాస్త మందంగా కావాలి. గట్టి మంచు మీద అంచు పట్టు దొరకదు, జంప్ దిగేటప్పుడు పెళ్లలు లేస్తాయి. హాకీ గీతలు చెరపాలి, చుట్టూ ఉన్న అద్దాలు తీసేయాలి. ఇదంతా హడావిడిగా జరిగిన చోట మొదటి రోజు ప్రాక్టీసులో గుంటలు పూడ్చడానికి ఎక్కువ విరామాలు చూస్తారు. వెడల్పులో తేడా కూడా గమనించండి. ఉత్తర అమెరికా హాకీ రింక్ సుమారు 61 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు. అంతర్జాతీయ రింక్ 60 బై 30. ఇరుకు రింక్‌లో స్కేటర్లకు ఇబ్బందే గానీ ప్రేక్షకుడికి లాభం: అంత దగ్గరగా వేగం చూస్తే టీవీలో చూసింది ఇదేనా అనిపిస్తుంది.

పెద్ద నగరానికి ఎవరూ కాదనలేని సుగుణం ఒకటుంది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. పది రోజుల్లో టోక్యోలో మొదలు కావాల్సిన ప్రపంచ పోటీలు ఆగిపోయాయి. ఏప్రిల్ చివరికల్లా మాస్కో వాటిని తన మెగాస్పోర్ట్ హాల్లో నడిపేసింది. హోటళ్లు, హాలు, రెండో రింక్, వీసాలు, అన్నీ నెలన్నరలో. మధ్యస్థ ఊరికి ఇది సాధ్యమయ్యే పని కాదు.

పెద్ద నగరంలో చిన్న హాలు అనే అరుదైన రకం కూడా చెప్పుకోవాలి. గ్రాండ్ ప్రి పోటీల వరుసకు ముగింపుగా జరిగే గ్రాండ్ ప్రి ఫైనల్‌ను 2014లో, 2015లో బార్సిలోనాలో సముద్రం ఒడ్డున ఉన్న కన్వెన్షన్ సెంటర్‌లో పెట్టారు. స్టేడియం కాదు, మంచూ తాత్కాలికమే. 2015లో హన్యు 330.43 మార్కులు అక్కడే కొట్టాడు. ఇలాంటి చోట విమానాలు, హోటళ్లు మహానగరపువి, నిండుదనం చిన్న ఊరిది. ఫైనల్‌లో విభాగానికి ఆరుగురే కాబట్టి సెషన్ గంటన్నరలో అయిపోతుంది, నాలుగున్నర గంటల తపస్సు అక్కర్లేదు. తాత్కాలిక గ్యాలరీల్లో మెట్ల వాలు తక్కువగా ఉంటుంది, ముందు మనిషి తల అడ్డం. అదొక్కటే ఫిర్యాదు.

మహానగరం అంచున ఉన్న పట్టణాలు మరో రకం. సియాటిల్ దగ్గర ఎవరెట్, కెంట్, డాలస్ దగ్గర ఆలెన్, బోస్టన్ దగ్గర నార్వుడ్. అమెరికాలో జరిగే అంతర్జాతీయ పోటీ స్కేట్ అమెరికా ఇటీవల తరచుగా ఇలాంటి చోట్లకే పోతోంది, కారణం తెలిసిందే: ఆరు నుంచి ఎనిమిది వేల సీట్ల హాలు, తక్కువ అద్దె, పెద్ద విమానాశ్రయం గంట దూరంలో. 2022లో నార్వుడ్ హాలు మరీ చిన్నది, రెండున్నర వేల సీట్లు. దొరికినవాడు అదృష్టవంతుడు. ఈ పట్టణాల్లో హాజరు మొత్తం కారు మీద ఆధారపడుతుంది. శుక్రవారం సాయంత్రం నగరం నుంచి వచ్చే రోడ్డు ట్రాఫిక్‌తో బిగుసుకుపోతుంది, మొదటి గ్రూపు ఖాళీ గ్యాలరీలకు ఆడుతుంది, మూడో గ్రూపుకల్లా నిండుతుంది. నిర్వాహకుల తప్పు కాదు, అలా అని ప్రేక్షకుడి తప్పూ కాదు. యూరప్‌లో ఇదే తరహా హాలుకు రైలు ఉంటే కథ మారిపోతుంది. మిలన్ ప్రపంచ పోటీలు 2018లో జరిగిన ఫోరమ్ హాలు నిజానికి అసాగోలో, నగరం బయట ఉంది. మెట్రో ఆకుపచ్చ లైను చివరి స్టేషన్ హాలు ముందే. ఇలాంటి చోట రాత్రి ఆఖరి రైలు వేళ ముందే చూసుకోండి. 24 మంది ఉండే ఫ్రీ స్కేట్ నాలుగు గంటలు పడుతుంది, ఆ తర్వాత పతకాల ప్రదానం అరగంట. ఏడింటికి మొదలైన సెషన్ పదకొండున్నరకు గానీ వదలదు.

చివరికి పల్లెలు. జర్మనీలో ఓబెర్స్‌డోర్ఫ్, ఆల్ప్స్ కొండల మధ్య పదివేల జనాభా ఊరు. ప్రతి సెప్టెంబరులో నెబెల్‌హార్న్ ట్రోఫీ అనే అంతర్జాతీయ పోటీ అక్కడే. ఒకే కప్పు కింద మూడు రింక్‌లు. 2013, 2017, 2021లో ఒలింపిక్ అర్హత పోటీ కూడా అదే. ఇక్కడ హాజరు అంకెలు వెతక్కండి, ఎవరూ పట్టించుకోరు. ప్రేక్షకుల్లో సగం మంది కోచ్‌లు, తల్లిదండ్రులు, మిగిలిన సగం సీజన్ మొదట్లో కొత్త ప్రోగ్రామ్‌లు ఎవరికంటే ముందు చూడాలనుకునే వీరాభిమానులు. బ్లేడు మంచును కోసే శబ్దం చివరి వరుసకూ వినిపిస్తుంది. బ్లేడు బయటి అంచు మీద జారే మంచి అవుట్‌సైడ్ ఎడ్జ్‌కు శబ్దం ఉండదు, చెడ్డదానికి గరగర ఉంటుంది. ఇది పెద్ద హాల్లో ఎంత డబ్బు పెట్టినా దొరకని సంగతి. లేక్ ప్లాసిడ్ కూడా పల్లే, కానీ 1980 ఒలింపిక్స్ వారసత్వంగా పెద్ద హాలు ఉంది. స్కేట్ అమెరికా 2009లో, 2017లో, 2025లో అక్కడ జరిగింది. రెండు మూడు వేల జనాభా ఊళ్లో ఏడు వేల పైచిలుకు సీట్ల హాలును ఊరే నింపడం లెక్కల్లోనే కుదరదు. వచ్చేవాళ్లందరూ బయటివాళ్లే, వాళ్లందరికీ గదులూ ఉండవు.

ఊరు ఎంచుకున్నాక సీటు. దీని మీద ఆదా చేయడం తప్పు. జడ్జీలు పొడవాటి వైపు ఒక పక్కన, మంచు అంచునే కూర్చుంటారు. ప్రోగ్రామ్‌లు వాళ్లకు ముఖం పెట్టి అల్లుతారు. జడ్జీల వైపు సీటు అంటే ముఖాలు కనిపించే సీటు. కానీ ఆ వైపు మొదటి నాలుగైదు వరుసలకు జడ్జీల వేదిక, టెక్నికల్ ప్యానెల్ తెరలు అడ్డం. ఎదురు వైపు మొదటి వరుసల్లో, రింక్ గట్టు దగ్గరి మంచు మూడడుగుల మేర కనిపించదు, అక్కడే ఎవరో ఒకరు పడతారు. ఎనిమిది నుంచి పదిహేను వరుసల మధ్య, హాకీలో నీలి గీతలు ఉండే చోటికి ఎదురుగా తీసుకోండి. ఐస్ డాన్స్ కోసమే వెళ్తుంటే ఇంకా పైకి వెళ్లండి. మంచు మీద గీసే నమూనా పైనుంచే అర్థమవుతుంది, పైన చలి కూడా తక్కువ. మూల సీట్లు పేరుకు చవక గానీ చెడ్డవేం కాదు: లుట్జ్ జంప్ సాధారణంగా మూలకే వస్తుంది. ఎడమ కాలి వెనక బయటి అంచు మీద, పొడవాటి వంపులో వెనక్కి జారుతూ మీ వైపే వస్తారు, కుడి కాలి పళ్లు మంచులో గుచ్చుకోవడం కళ్లారా చూస్తారు. ఆఖరి క్షణంలో అంచు లోపలికి వాలిందా లేదా అన్నది జడ్జీల కంటే మీకే బాగా తెలుస్తుంది.

కెమెరా వేదికల విషయం అమ్మేవాళ్లు చెప్పరు. టీవీ వాళ్లు వచ్చి కెమెరాలు ఎక్కడ పెట్టాలో తేల్చేదాకా కొన్ని వరుసలను పక్కన పెడతారు. పోటీకి వారం పది రోజుల ముందు అక్కర్లేనివి తిరిగి అమ్మకానికి వదులుతారు. మంచి వరుసలు అకస్మాత్తుగా కనిపించేది అప్పుడే. మధ్యస్థ ఊళ్లో ఆలస్యమైందని నిరాశపడ్డవాళ్లకు ఇదొక్కటే దారి, రోజుకు రెండు సార్లు మ్యాపు తెరిచి చూస్తుండాలి. మహానగరంలో అంత అవసరం పడదు.

ఆదివారం గాలా, అంటే పోటీ ముగిశాక మార్కుల్లేకుండా జరిగే ప్రదర్శన, గురించి ఒక్క మాట. పోటీ నియమాలు తెలియని ఊరి జనం ఎక్కువగా కొనేది దీన్నే. మధ్యస్థ ఊళ్లో గాలా టికెట్లు పోటీ టికెట్ల కంటే ముందు అయిపోవడం మామూలే. వీరాభిమానులు శనివారం రాత్రి విమానం ఎక్కేస్తారు. వాళ్ల ఆల్ ఈవెంట్ టికెట్లలోని గాలా సీట్లు ఆ రాత్రే తిరిగి అమ్మకానికి వస్తాయి, హోటల్ లాబీలో, లిఫ్ట్ పక్కన, సగం ధరకు.